పాత డెస్క్‌టాప్‌కి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ: డీర్యామ్ ఉన్నది కొనాలా, లేనిదైనా చాలా?

ఖమ్మం_కోట
2014లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఇంకా వాడుతున్నాం. నాలుగో తరం ఐ3, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మా ఆవిడ ఇంట్లోనే దాని మీద డీటీపీ చేస్తుంది. పెళ్లి పత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్, అంతే. పొద్దున స్విచ్ నొక్కినప్పటి నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా ఆరు నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టి మరీ చూశా. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే అతుక్కుపోయి ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటాడు, తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆమె పడే ఇబ్బంది చూడలేకపోతున్నా.

షాపులో మూడు ఎస్‌ఎస్‌డీలు (హార్డ్ డిస్క్ బదులు పెట్టే, తిరిగే భాగాలు లేని చిప్పుల డ్రైవులు) చూపించారు. కింగ్‌స్టన్ ఏ400 480 జీబీ, క్రూషియల్ బీఎక్స్500 480 జీబీ, శాంసంగ్ 870 ఈవో 500 జీబీ. పెట్టెల మీద చదివే వేగం సెకనుకి 500, 540, 560 ఎంబీ అని ఉంది. అంటే దాదాపు ఒకటే. ధర మాత్రం మొదటిదానికీ చివరిదానికీ రెట్టింపు తేడా. ఎందుకంత అని అడిగితే "దీన్లో డీర్యామ్ ఉంది సార్" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. పక్కనున్న కుర్రాడేమో స్లాట్లో కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) వేసుకోండి, సెకనుకి 3500 ఎంబీ వస్తుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బెజవాడ_బాబాయ్
మూడిట్లో ఏది పెట్టినా ఆ ఆరు నిమిషాలు ఒక్క నిమిషం లోపుకి వస్తాయండి. ముందు ఆ హార్డ్ డిస్క్ నుంచి విండోస్‌ని బయటికి తెండి.

పాలమూరు_పోరడు
కార్డు జోలికి పోకన్నా. నాది గూడ హెచ్81 బోర్డే. కార్డు కొన్న, ఎన్‌వీఎంఈ పెట్టిన, విండోస్ ఎక్కిచ్చిన. బూట్ కాలే. ఆ కాలం బోర్డులల్ల బయోస్‌కు (మిషన్‌ను లేపే బోర్డు లోపటి ప్రోగ్రాం) ఎన్‌వీఎంఈ అంటే ఏందో ఎరుకే లేదు. విండోస్ లోపటికి పోయినంక డేటా డ్రైవు లెక్క కనవడ్తది గని, దాని మీదికెల్లి మిషన్ లేవదు. బయోస్ మార్చి రాసే పద్ధతులున్నయంటరు. సంపాదించే మిషన్ మీద అసొంటి ప్రయోగాలు ఎందుకు?

చిప్పులపిచ్చి
పాలమూరు చెప్పింది నిజం. ఇంకోటి కూడా ఉంది. హెచ్81 మీద కార్డులు పెట్టే స్లాట్లన్నీ పీసీఐఈ 2.0, అంటే పాత తరానివి. ఆ కార్డుని చిన్న ఎక్స్1 స్లాట్లో పెడితే లెక్కప్రకారమే 500 ఎంబీ, చేతికొచ్చేది 400 చిల్లర. షాపులో మీకు చూపించిన మూడూ వాడే సాటా కనెక్షన్ కంటే తక్కువ. పొడుగు స్లాట్లో పెడితే 2000 లోపు. 3500 ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు విషయం పెట్టె మీది అంకెలో లేదు. 500, 540, 560 అన్నీ సాటా గొట్టం లావుని చెప్పే అంకెలు. సాటా మూడో తరం పరిమితి 6 గిగాబిట్లు, ఖర్చులు పోను 550-560 ఎంబీ. ఏ కంపెనీ అయినా అక్కడే ఆగాలి. ఆ అంకె ఒకే పెద్ద ఫైలుని వరసగా చదివినప్పటిది. విండోస్ లేచేటప్పుడు, పేజ్‌మేకర్ ఫాంట్లు లోడు చేసేటప్పుడు జరిగేది అది కాదు. వేల చిన్న చిన్న ముక్కలు, ఒక్కోటి ఒక్కో చోట. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో తల కదలడానికి, పళ్లెం తిరిగి ఆ చోటు రావడానికి కలిపి 12-13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 75-80 ముక్కలు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకి 300 కేబీ! మీరు ఆరు నిమిషాలు ఎదురుచూస్తున్నది దీని కోసమే.

అదే చిన్న ముక్కల పరీక్షలో, ఒక్కొక్కటే అడిగినా, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 30-40 ఎంబీ ఇస్తుంది. మామూలు ఎన్‌వీఎంఈ 50-70. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి వంద రెట్లు. అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి రెండు రెట్లు కూడా కాదు. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ (డ్రైవు వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపితే పై వరస వదిలేసి కింది వరస చూడండి, అదే మీ ఇంటి పని.

సీమసిన్నోడు
వంద రెట్లా! అయితే చవకది ఏసుకో సామీ, దుడ్డు మిగులుతాది. డీర్యామ్ లేకపోతే ఏమి?

చిప్పులపిచ్చి
@సీమసిన్నోడు ఎస్‌ఎస్‌డీలో ఏ డేటా ఏ గదిలో ఉందో ఒక పట్టిక ఉంటుంది. సుమారు 1 జీబీకి 1 ఎంబీ పట్టిక. 870 ఈవో 500 జీబీలో అందుకే 512 ఎంబీ డీర్యామ్ (వేగంగా పనిచేసే తాత్కాలిక మెమరీ) చిప్ పెట్టారు, పట్టిక మొత్తం అందులో ఉంటుంది. డీర్యామ్ లేనిదాంట్లో పట్టిక కూడా ఫ్లాష్‌లోనే (డేటా దాచే చిప్పుల్లోనే) ఉంటుంది. కంట్రోలర్‌లో (డ్రైవుని నడిపే చిప్‌లో) ఉన్న కాస్త చోటులో ఒక ముక్క పెట్టుకుంటుంది, మిగతా దానికి మళ్లీ మళ్లీ ఫ్లాష్‌లోకి పోయి చూడాలి.

ఎన్‌వీఎంఈ అయితే డీర్యామ్ లేకపోయినా కంప్యూటర్ ర్యామ్‌లో కాస్త అప్పు తీసుకుంటుంది. ఆ సౌకర్యం పేరు హెచ్‌ఎంబీ. సాటాలో ఆ అప్పు పుట్టదు. అందుకే "ఎన్‌వీఎంఈలో డీర్యామ్ లేకపోయినా పర్లేదు" అని చదివినవాళ్లు అదే మాట సాటాకి అన్వయించకూడదు.

ఓరుగల్లు77
సిద్ధాంతం బాగుంది. కానీ మా నాన్నగారి కంప్యూటర్‌లో డీర్యామ్ లేని 240 జీబీ వేసి నాలుగేళ్లయింది. ఆయన చూసేది ఈనాడు వెబ్‌సైట్, బ్యాంకు, మనవడి ఫోటోలు. ఇంతవరకు ఆగింది లేదు. అందరికీ డీర్యామ్ కావాలనడం అన్యాయం.

చిప్పులపిచ్చి
అందరికీ కావాలనలేదండీ. మీ నాన్నగారి వాడకానికి అదే సరైన కొనుగోలు. ఇక్కడ ఫోటోషాప్ ఉంది, ఫ్లెక్సీ ఫైళ్లు ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ నిండగానే ఫోటోషాప్ తన స్క్రాచ్ ఫైలుని (ర్యామ్‌లో పట్టని పనిని తాత్కాలికంగా పెట్టుకునేది) ఇదే డ్రైవు మీద రాస్తుంది. రాస్తూనే చదవాలి, చదువుతూనే రాయాలి. చవకరకం అక్కడే నసుగుతుంది.

లక్ష్మి_డీటీపీ
ఇదే పని నేనూ చేస్తాను కాబట్టి చెప్తున్నా. 12 బై 8 అడుగుల ఫ్లెక్సీ ఫైలు సేవ్ కొట్టినప్పుడు తేడా తెలుస్తుంది. నా దగ్గర డీర్యామ్ లేనిది రెండేళ్లు ఉంది. మొదట్లో దూసుకెళ్లింది. డ్రైవు ముప్పావు వంతు నిండాక సేవ్ కొట్టి టీ పెట్టుకుని రావచ్చు అన్నట్టు అయింది. కంపెనీ పేరు ఎందుకులెండి. కొంత ఖాళీ చేశాక మళ్లీ బాగానే నడిచింది.

చిప్పులపిచ్చి
@లక్ష్మి_డీటీపీ దానికి కారణం ఎస్‌ఎల్‌సీ కాష్. టీఎల్‌సీ ఫ్లాష్‌లో ఒక్కో గదిలో మూడు బిట్లు ఇరికించాలి, అది నిదానం. అందుకని కొంత భాగంలో ఒక్కో బిట్ మాత్రమే గబగబా రాసేసి, తీరిక దొరికినప్పుడు మూడేసి బిట్లుగా సర్దుకుంటుంది. ఖాళీ చోటు తగ్గేకొద్దీ చాలా డ్రైవుల్లో ఆ కాష్ కూడా కుంచించుకుపోతుంది. గదికి నాలుగు బిట్లు పెట్టే క్యూఎల్‌సీ అయితే కాష్ నిండిన తర్వాత హార్డ్ డిస్క్ కంటే కిందికి కూడా పడొచ్చు. ఏ డ్రైవైనా ఐదో వంతు ఖాళీగా ఉంచుకుంటే మంచిది.

డల్లాస్_రావు
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతా. 2014 మెషీన్ మీద ఇంత చర్చ అవసరమా? విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నాలుగో తరం ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. ఇంకొంచెం వేసుకుని కొత్తది కొనేయొచ్చు కదా.

ఖమ్మం_కోట
రావు గారూ, ఇంకొంచెం కాదండీ, కొత్త సిస్టమ్ అంటే దీనికి ఎనిమిది తొమ్మిది రెట్లు. పాప ఈ ఏడు ఇంటర్‌లో చేరింది, ఫీజు కట్టాం. వచ్చే ఏడాది చూస్తాం. అప్పటిదాకా ఆమెకు పని సాఫీగా సాగాలి.

బెజవాడ_బాబాయ్
రావు గారి మాటలో భద్రత విషయం నిజమేనండి, కొట్టిపారేయొద్దు. విండోస్ 10కి ఇళ్లవాళ్ల కోసం అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు, అందులో నమోదు చేసుకోండి. సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు, కొత్త బోర్డుల మీద కూడా సాటా ఉంటుంది. అప్పుడు ఇదే డ్రైవు ఫైళ్లకి పనికొస్తుంది. పాత మిషన్‌కి పెట్టిన ర్యామ్ అయితే పాతదానితోనే పోతుంది, డీడీఆర్3 కదా.

సీమసిన్నోడు
క్రూషియల్ వాళ్లు అంగడి మూసేస్తాండారంట గదా, నిజమేనా?

ఓరుగల్లు77
మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది, క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి అమ్మడం ఆపేస్తామని. అమ్మిన వాటికి వారంటీ మాత్రం కొనసాగుతుందన్నారు. షాపుల్లో ఉన్న సరుకు చెడ్డదేం కాదు. కానీ ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి మూడేళ్ల తర్వాత ఆ పేరుతో బదులు డ్రైవు దొరుకుతుందా అన్న ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది.

వారంటీ మాట వచ్చింది కాబట్టి, పెట్టె పక్కన చిన్న అక్షరాలు చదవండి. ఏ400 480 జీబీకి మూడేళ్లు లేదా 160 టీబీ రాత. బీఎక్స్500 480 జీబీకి మూడేళ్లు, 120 టీబీ. 870 ఈవో 500 జీబీకి ఐదేళ్లు, 300 టీబీ. ఇన్ని టీబీలు రాసేదాకా హామీ అని, టీబీడబ్ల్యూ అంటే అదే. రోజుకి 20 జీబీ రాస్తారనుకోండి, చాలా ఇళ్లలో అంత కూడా ఉండదు. 120 టీబీ అయిపోవడానికి 6000 రోజులు, 16 ఏళ్ల పైమాటే. 300 టీబీకి 41 ఏళ్లు. అరిగిపోతుందన్న భయంతో ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. మూడేళ్లకీ ఐదేళ్లకీ ఉన్న తేడాకి పెట్టొచ్చు.

రిపేరు_మావయ్య
18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, మాది గుంటూరు. నా బల్ల మీదికొచ్చే చచ్చిన ఎస్‌ఎస్‌డీల్లో టీబీడబ్ల్యూ నిండి చచ్చింది ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. ఆరోగ్యం 97 శాతం అని చూపించే డ్రైవే తెల్లారేసరికి బయోస్‌లో కనపడదు. హార్డ్ డిస్క్ పోయేముందు టక్‌టక్‌మని శబ్దం చేస్తుంది, నిదానిస్తుంది, అంటే మనిషికి నాలుగు రోజులు వ్యవధి ఇస్తుంది. ఇది ఇవ్వదు. కంట్రోలర్ పోతే లోపలి డేటా తీయడం నాలాంటివాళ్ల వల్ల కాదు. పోయిన నెల ఒక టీచరమ్మ ఏడుస్తూ వెళ్లింది, పదేళ్ల ఫోటోలు. కాబట్టి @ఖమ్మం_కోట, ఏ కంపెనీది కొన్నా పాత హార్డ్ డిస్క్ తీసి పారేయకండి. డీ డ్రైవ్‌గా ఉంచి వారానికోసారి పని ఫైళ్లు అందులోకి కాపీ చేయమనండి.

ఇంకో మాట. కరెంటు. ఇంట్లో వాడే ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినప్పుడు రాత పూర్తిచేసేందుకు సర్వర్ డ్రైవుల్లో ఉండేలాంటి పెద్ద కెపాసిటర్లు ఉండవు. రాస్తుండగా టప్‌మని పోతే పట్టిక చెడొచ్చు. చిన్న యూపీఎస్ ఉందా మీకు? బ్యాటరీ పనిచేస్తోందా, ఊరికే పెట్టె ఉందా?

ఖమ్మం_కోట
యూపీఎస్ ఉంది మావయ్య గారూ. బ్యాటరీ పోయిన ఉగాదికి మార్పించా.

పాలమూరు_పోరడు
ఆన్‌లైన్ల 2 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే అని వస్తుంటయి, అవి గూడ చెప్పుండ్రి మామా.

రిపేరు_మావయ్య
అవి విప్పి చూశాను బాబూ. డబ్బా లోపల చిన్న మెమరీ కార్డు, బరువు కోసం ఇనప ముక్క. కంప్యూటర్‌కి మాత్రం 2 టీబీ అని అబద్ధం చెప్తుంది. నిండేదాకా కాపీ అవుతున్నట్టే ఉంటుంది, తర్వాత తెరిస్తే ఫైళ్లు ఉండవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని చిన్న ప్రోగ్రాం ఉంది, డ్రైవు మొత్తం రాసి తిరిగి చదువుతుంది, నిజం బయటపడుతుంది. డేటా పెట్టకముందే చేయాలి. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ల బజారు) లాంటి చోట కొన్నా బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తానంటే వద్దనండి.

డల్లాస్_రావు
సమీక్షలు చదివి కొన్నా ఒక చిక్కు ఉంది. పేరు అదే ఉంచి లోపలి చిప్పులు మార్చేస్తారు. క్రూషియల్ పీ2 మొదట టీఎల్‌సీతో వచ్చి 2021లో క్యూఎల్‌సీ అయింది. అదే ఏడు డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్550లో ఫ్లాష్ మార్చారు, కాష్ నిండాక రాత వేగం 600 చిల్లర నుంచి 390 దగ్గరికి పడిందని పరీక్షించినవాళ్లు చూపించాక, ఇకపై ఇలాంటి మార్పు చేస్తే కొత్త మోడల్ నంబర్ ఇస్తామని డబ్ల్యూడీ చెప్పాల్సి వచ్చింది. పాత సమీక్షలోని డ్రైవు, ఈరోజు షాపులో ఉన్న డ్రైవు ఒకటే కావాలని లేదు. నాకు కోపం వచ్చేది దీనికే. నెలజీతంలోంచి కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలియాలి కదా.

సీమసిన్నోడు
శాంసంగ్ మాత్రం తప్పు చేయలేదా రావన్నా?

డల్లాస్_రావు
చేసింది. 840 ఈవో 2013లో వచ్చింది. నెలల తరబడి కదపని పాత ఫైళ్లు చదవాలంటే వేగం బాగా పడిపోయేది. 2014 అక్టోబర్‌లో ఒక ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారు, సరిపోలేదు, 2015 ఏప్రిల్‌లో ఇంకోటి. 870 ఈవోది వేరే రకం ఫ్లాష్, 2021 జనవరిలో వచ్చింది. ఏది కొన్నా ఫర్మ్‌వేర్ ఒకసారి చూసుకోమంటా.

లక్ష్మి_డీటీపీ
@ఖమ్మం_కోట మేడం కోసం ముఖ్యమైన మాట. విండోస్ కొత్తగా ఎక్కించకండి, ఉన్నదాన్ని ఉన్నట్టే క్లోన్ (నకలు) చేయండి. అను మళ్లీ ఎక్కించాలంటే ఆ పాత సీడీ ఎక్కడుందో వెతకాలి. యాపిల్ కీబోర్డు (అనులో ఒక తెలుగు టైపింగ్ పద్ధతి) సెట్టింగు, ఏళ్ల తరబడి పోగేసిన ఫాంట్లు, పేజ్‌మేకర్ టెంప్లేట్లు, అన్నీ మళ్లీ సర్దుకునేసరికి వారం పోతుంది. సీ డ్రైవ్‌లో ఉన్నది 400 జీబీ లోపు ఉండేలా పెద్ద ఫైళ్లు డీలోకి జరిపి, అప్పుడు క్లోన్. అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ వైరు పీకేయండి, లేకపోతే ఏది దేని మీద లేచిందో తెలియదు. పది రోజులు అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే పాతదాంట్లో సీ చెరపండి.

ఖమ్మం_కోట
870 ఈవో తెచ్చా. బిల్లు మీద సీరియల్ రాయించా. లక్ష్మి గారు చెప్పినట్టే క్లోన్ చేశా, మూడు గంటలు పట్టింది. విండోస్‌లో 465 జీబీ చూపిస్తోంది, అది లెక్కలో తేడానే కదా?

స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా 52 సెకన్లు. ఆమె నమ్మలేదు, ఆపి మళ్లీ వేయమంది. మళ్లీ 52. మూడోసారి తనే వేసుకుని చూసింది.

కాకపోతే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో పై వరస 268 దగ్గర ఆగుతోంది. 560 అన్నారు కదా?

ఓరుగల్లు77
465 సరైనదే. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన.

చిప్పులపిచ్చి
268 అంటే డ్రైవు తప్పు కాదు, మీరు వేసిన పోర్టు. హెచ్81లో సాటా పోర్టులు నాలుగు, అందులో రెండే 6 గిగాబిట్లవి, మిగతా రెండు 3వి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవు వివరాలు చూపే ప్రోగ్రాం) తెరిస్తే "సాటా/300 | సాటా/600" అని కనిపిస్తుంది. మొదటిది ఇప్పుడు నడుస్తున్నది, రెండోది డ్రైవు చేయగలిగింది. బోర్డు మీద 6 అని అచ్చు ఉన్న పోర్టులోకి మార్చండి, హార్డ్ డిస్క్‌ని 3 దాంట్లోకి పంపండి. దానికి అదే ఎక్కువ.

ఖమ్మం_కోట
నిజమే, మార్చగానే 549. కింది వరస 34. పాత హార్డ్ డిస్క్‌కి అదే వరసలో 0.4 వచ్చింది. చిప్పులపిచ్చి గారి లెక్క కళ్లారా చూశా.

ఖమ్మం_కోట
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. కొత్త సమస్య. పని మధ్యలో అప్పుడప్పుడు మొత్తం బిగుసుకుపోతోంది. పది పదిహేను సెకన్లు మౌస్ కూడా కదలదు, మళ్లీ అదే సర్దుకుంటుంది. డ్రైవు పాడైపోయిందా? వెనక్కి ఇచ్చేయాలా?

సీమసిన్నోడు
అంత ధర పెట్టి తెచ్చినావు, ఇప్పుడేమో బిగుసుకుపోతాది అంటావు. ఎనక్కి ఇచ్చేయ్ సామీ.

రిపేరు_మావయ్య
ఆగండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 అనే వరస చూసి చెప్పండి. సీఆర్‌సీ తప్పుల లెక్క అది. కేబుల్ ఏది వాడారు?

ఖమ్మం_కోట
సీ7లో డీ6 అని ఉంది. కేబుల్ పాతదే, 2014లో బోర్డుతో వచ్చింది. ఒక కొస క్లిప్ విరిగి ఉంది.

రిపేరు_మావయ్య
డీ6 అంటే మామూలు అంకెల్లో 214. డ్రైవుకీ బోర్డుకీ మధ్య దారిలో అన్నిసార్లు డేటా చెడి మళ్లీ పంపాల్సి వచ్చింది. 3 పోర్టులో నిదానంగా నడిచినప్పుడు ఆ కేబుల్ నెట్టుకొచ్చింది, 6కి మార్చాక తట్టుకోలేకపోతోంది. క్లిప్పున్న కొత్త సాటా కేబుల్ వేయండి, వంద రూపాయల చిల్లర. కరెంటు వైరు కూడా చూడండి, మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల కరెంటు ప్లగ్గు) నుంచి సాటాకి మార్చే పోతపోసిన కనెక్టర్ ఏదైనా ఉంటే తీసేయండి. అవి కాలిన కేసులు నా దగ్గరకి వచ్చాయి.

పాలమూరు_పోరడు
వైరు కోసం డ్రైవు వాపస్ ఇచ్చేటోళ్లు మస్తుమంది ఉంటరు గావచ్చు.

బెజవాడ_బాబాయ్
ఈలోగా ఒకటి అడగనా. నా దగ్గర పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉంది, ఫోటోలన్నీ దాంట్లో వేసి బీరువాలో పెట్టేద్దామనుకుంటున్నా. పర్లేదా?

చిప్పులపిచ్చి
వద్దండీ. జెడెక్ (చిప్పులకి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ, రాత పరిమితి అయిపోయిన స్థితిలో, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలుపుకోవాలి. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. మీది పాతది అంటున్నారు, పైగా బెజవాడ మే నెల, మూసిన గది. వేడి పెరిగేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతుంది. బీరువాకి హార్డ్ డిస్కే నయం. అది కూడా రెండు కాపీలు.

ఖమ్మం_కోట
కేబుల్ మార్చి పదకొండు రోజులు. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. నిన్న ఒక్కరోజే ఏడు పత్రికలు, రెండు ఫ్లెక్సీలు చేసింది. సీ7లో మాత్రం ఇంకా డీ6 అనే ఉంది. సున్నా అవ్వాలంటే ఏం చేయాలి?

రిపేరు_మావయ్య
అది సున్నా అవ్వదు, అలాగే ఉండిపోతుంది. పెరగనంతవరకు మీకు భయం లేదు. నెలకోసారి చూడండి.